కేమన్‌కు 911 చక్రాలు: 15 మిల్లీమీటర్ల లెక్క

ఏప్రిల్ చివరి వారంలో ఒక వెండి రంగు పోర్షే కేమన్ ఎస్ మా షెడ్డుకు వచ్చింది. 2007 మోడల్, 3.4 లీటర్ల ఇంజను. యజమాని దంతవైద్యుడు, కారుకు మూడో యజమాని. ఔటర్ రింగ్ రోడ్డు మీద 90 దాటగానే సీటు కింద వణుకు మొదలవుతోందని, 110 దగ్గర అద్దంలో వెనక వచ్చే బండి రెండుగా కనిపిస్తోందని ఆయన ఫిర్యాదు. స్టీరింగ్ మాత్రం నిశ్చలంగానే ఉంటోందట. "మూడు చోట్ల బ్యాలెన్సింగ్ చేయించాను అన్నా. మూడు చోట్లా మెషీన్ సున్నా చూపించింది" అన్నాడు. మాటలో విసుగు కంటే అవమానమే ఎక్కువ వినిపించింది.

స్టీరింగ్ కదలకుండా సీటు వణికితే మొదట వెనక చక్రాలనే అనుమానించాలి. ఆ చక్రాల వైపు చూడగానే సగం విషయం తెలిసిపోయింది. అవి ఈ కారుతో పుట్టినవి కావు. రిమ్ లోపలి వైపు అచ్చు మీద 10 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల వ్యాసం, ఈటీ58 అని ఉంది. పోర్షే వాళ్లదే మరో కారు, 997 తరం 911 కరేరా వెనక చక్రం అది. బెంగళూరులో ఎవరో అమ్ముతుంటే నాలుగు చక్రాల సెట్టు మంచి ధరకు దొరికిందని, రంగు కూడా కొత్తగా వేయించి ఉందని ఆయన చెప్పాడు. ఆ రంగు సంగతి తర్వాత నన్నే కాటేసింది. దాని గురించి తర్వాత చెబుతాను.

మొదట ఒక మాట ఒప్పుకోవాలి. ఈ చక్రాలు కొనడం మతిలేని పనేమీ కాదు. ఈ 987 తరం కేమన్‌కూ 997 కరేరాకూ చక్రం బిగించే ఐదు రంధ్రాల వలయం 130 మి.మీ., హబ్ (చక్రాన్ని మోసే భాగం) ముక్కు వ్యాసం 71.6 మి.మీ. బోల్టు కూడా ఒకటే: ఎం14, మర దూరం 1.5 మి.మీ. ముందు చక్రాల కొలతలైతే అచ్చంగా ఒకటే, 8×18 ఈటీ57. ఆ రెండు కార్ల ముందు భాగాల్లో పోలికలు అన్నదమ్ముల మధ్య కంటే ఎక్కువ. తేడా అంతా వెనకే. కేమన్ ఎస్ వెనక 18 అంగుళాల చక్రం 9 అంగుళాల వెడల్పు, ఈటీ43. కరేరాది 10 అంగుళాల వెడల్పు, ఈటీ58.

ఈటీ అంటే ఆఫ్‌సెట్. చక్రం వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక గీత గీస్తే, ఆ గీతకూ హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య ఉన్న దూరం అది. మన కార్లలో ఆ ముఖం గీతకు బయటి వైపు ఉంటుంది. కాబట్టి ఈటీ పెరిగిన కొద్దీ చక్రం కారు లోపలికి జరుగుతుంది, తగ్గిన కొద్దీ బయటికి వస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. 9 అంగుళాల్లో సగం 114.3 మి.మీ. దానికి 43 కలిపితే రిమ్ లోపలి అంచు హబ్ ముఖం నుంచి 157.3 మి.మీ. లోపలికి ఉంటుంది. 10 అంగుళాల్లో సగం 127. దానికి 58 కలిపితే 185. అంటే రిమ్ అంచు 27.7 మి.మీ. లోపలికి చొచ్చుకుపోతుంది. బయటి అంచు చూస్తే 114.3 నుంచి 43 తీసేస్తే 71.3, 127 నుంచి 58 తీసేస్తే 69. వెడల్పు చక్రం వేసినా బయటికి రాకపోగా 2.3 మి.మీ. లోపలికే పోయింది. మొదటిసారి ఈ లెక్క వేసినవాడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ వేస్తాడు.

911కు అంత లోతైన చక్రం ఎందుకంటే దాని వెనక సస్పెన్షన్ అనేక కడ్డీల అమరిక. చక్రం పక్కన చోటు ఖాళీగా ఉంటుంది. కేమన్‌కు వెనక కూడా మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన అమరిక, ఉంది. లావుపాటి గొట్టం ఒకటి టైరుకు ఆనుకున్నట్టు నిలబడి ఉంటుంది. ఈ కారు పాత చక్రంతో టైరు పక్కకూ ఆ గొట్టానికీ మధ్య నాకు వచ్చిన ఖాళీ 26 మి.మీ. అదే 265/40 (వెడల్పు 265 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం) టైరును 10 అంగుళాల రిమ్ మీద ఎక్కిస్తే మధ్య గీత 15 మి.మీ. లోపలికి జరుగుతుంది. రిమ్ వెడల్పు పెరిగినందుకు టైరు ఒక్కో పక్కకు మరో 5 మి.మీ. దాకా సాగుతుంది. మిగిలేది 6 మి.మీ. మలుపులో టైరు ఒరిగినప్పుడు, ఆ సందులో ఒక కంకర రాయి ఇరుక్కున్నప్పుడు 6 మి.మీ. ఏ మూలకూ రాదు. కాబట్టి హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే లోహపు బిళ్ల, అంటే స్పేసర్, కావాలి. దాన్ని వేయడంలో ముందు పనిచేసినవాళ్లు తప్పు చేయలేదు.

చేసిన తప్పులన్నీ ఆ తర్వాతివి.

కారును లిఫ్టు మీద ఎత్తి ఎడమ వెనక చక్రం విప్పడానికి కూర్చున్నాను. బోల్టులు విప్పేటప్పుడు నేను తిరుగుళ్లు లెక్కపెడతాను. పాతికేళ్ల అలవాటు. కుర్రవాళ్లు నవ్వుతారు. పాత చక్రంతో, కంపెనీ బోల్టుతో ఈ కారు హబ్‌లో మర 12 తిరుగుళ్లు పడుతుంది, అంటే 18 మి.మీ. ఇప్పుడున్న పొడవు బోల్టు 9 తిరుగుళ్లు కాకముందే చేతిలోకి వచ్చింది. స్పేసర్ మందం 20 మి.మీ., బోల్టు మాత్రం 15 మి.మీ. స్పేసర్‌కు సరిపడేది. దుకాణంలో ఏది ఉంటే అది వేశారన్నమాట. ఎం14 బోల్టుకు కనీసం 14 మి.మీ. మర పట్టాలన్నది అందరూ పాటించే మోటు లెక్క. దాన్ని కూడా ఇది అందుకోలేదు.

నాలుగు బోల్టులు వచ్చాయి. ఐదో రంధ్రంలో నల్లటి ప్లాస్టిక్ టోపీ ఉంది. దాన్ని పీకితే వెనక ఏమీ లేదు. దొంగల నుంచి కాపాడే లాక్ బోల్టు ఉండాల్సిన చోటు అది. 20 మి.మీ. స్పేసర్ పెట్టాక ఆ పొట్టి బోల్టు హబ్‌ను అందుకోదు కదా. అందుకని దాన్ని తీసి పనిముట్ల సంచిలో పడేసి, రంధ్రం మీద టోపీ పెట్టారు. కుడి వైపూ అంతే. దంతవైద్యుడు ఆ టోపీని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "నేను దీంతో కర్నూలు దాకా వెళ్లొచ్చాను" అన్నాడు మెల్లగా.

ఇక స్పేసర్. వేలితో తోస్తే హబ్ మీద టకటకమని కదిలింది. దాని మధ్య రంధ్రం 74 మి.మీ., హబ్ ముక్కు 71.6. ఏ కారుకైనా సరిపోవాలని తయారుచేసిన సరుకు ఏ కారుకూ సరిపోదు. అంతకంటే పెద్ద దోషం దాని బయటి ముఖంలో ఉంది. మంచి స్పేసర్‌కు బయటి వైపు కూడా హబ్ ముక్కులాంటి కంఠం ఉంటుంది, చక్రం దాని మీద కూర్చుంటుంది. దీనికి అది లేదు. నున్నటి బిళ్ల. ఈ కారు హబ్ ముక్కు డిస్క్ మందం పోగా బయటికి వచ్చేది సెంటీమీటరు అటూ ఇటూ మాత్రమే. 20 మి.మీ. బిళ్ల పెట్టాక అది బిళ్లలోనే మునిగిపోయింది. చక్రాన్ని మధ్యలో నిలబెట్టే ఆధారమే లేకుండా పోయింది. బోల్టులు ఎటు లాగితే చక్రం అటు కూర్చుంది.

ఆ బోల్టుల తలలు చూస్తే మరీ విచిత్రం. పోర్షే చక్రంలో బోల్టు కూర్చునే గుంట బంతి ఆకారంలో ఉంటుంది. బోల్టు తల కింద కూడా అలాంటి బంతి ఆకారపు ఉంగరం ఉంటుంది. ఇవేమో శంకువు తల బోల్టులు. గుండ్రటి గిన్నెలో గరాటు పెట్టినట్టు ఒక సన్నటి వలయం మీదే ఆనుతాయి. బిగించినప్పుడు బిగువుగానే అనిపిస్తాయి. తర్వాత ఆ సన్నటి వలయం కింద అల్యూమినియం నలిగి పట్టు సడలుతుంది. గుంటల్లో మెరుస్తున్న గీతలు కళ్లకే కనబడ్డాయి.

వణుకు సంగతికి వద్దాం. చక్రం విప్పకముందే, ముల్లుతో సూక్ష్మ కొలత చూపే డయల్ గేజ్ పెట్టి రిమ్ గుండ్రదనం చూశాను. ఒక చుట్టులో ముల్లు 0.6 మి.మీ. ఆడింది. చక్రం కేంద్రం హబ్ కేంద్రానికి 0.3 మి.మీ. పక్కకు ఉందని దాని అర్థం. అదే చక్రం బ్యాలెన్సింగ్ మెషీన్ మీద 0.1 కూడా ఆడలేదు. మెషీన్ చక్రాన్ని మధ్య రంధ్రంలో శంకువు దూర్చి పట్టుకుంటుంది. దాని దృష్టిలో చక్రం నిర్దోషి. సున్నా చూపించడం అబద్ధం కాదు. కారు మీద ఆ చక్రం వేరే కేంద్రం చుట్టూ తిరుగుతోంది, అంతే.

0.3 మి.మీ. అంటే చాలామందికి నవ్వులాట. టైరుతో కలిపి ఈ చక్రం బరువు 23 కిలోలు. 23,000 గ్రాములను 0.3తో గుణిస్తే 6,900. దాన్ని రిమ్ అర్ధ వ్యాసం 229తో భాగిస్తే 30. అంటే పక్కాగా బ్యాలెన్స్ చేసిన చక్రం అంచుకు 30 గ్రాముల సీసం ముక్క అంటించి వదిలేసినట్టు. 110 కిలోమీటర్ల వేగంలో ఈ టైరు సెకనుకు 14 సార్లకు పైగా తిరుగుతుంది. ప్రతి చుట్టులో దాదాపు 6 కిలోల బరువుతో హబ్‌ను ఒకసారి కుదుపుతుంది. అద్దం వణకదా మరి? ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించాక ఆయన మళ్లీ బ్యాలెన్సింగ్ మాట ఎత్తలేదు.

నిర్ధారణ కోసం ఇంట్లో ఉన్న పాత చక్రాలను తెప్పించి, కంపెనీ బోల్టులతో వేసి, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా వెళ్లి వచ్చాం. 110లో అద్దం చెరువు నీరులా నిలిచింది. బేరింగ్ మీద, డ్రైవ్ షాఫ్టు మీద అనుమానాలు అక్కడితో పోయాయి. ఈ పరీక్ష చేయకుండా స్పేసర్ మార్చి ఉంటే, వణుకు పోకపోతే మళ్లీ మొదటికి వచ్చేవాణ్ణి.

ఇక్కడే కేసు ముగించవచ్చు. ఈ చక్రాలు అమ్మేసి పాతవాటితో హాయిగా తిరగండి అని చెప్పాను కూడా. ఆయన వినలేదు. ఆ చక్రాల మీద మనసు పడింది. నాకూ స్పేసర్ల మీద పగేమీ లేదు. స్పేసర్ పెడితే బేరింగులు పోతాయని ఒక మాట ఊరంతా తిరుగుతూ ఉంటుంది. బేరింగుకు స్పేసర్ కనిపించదు. చక్రం మధ్య గీత తనకు ఎంత దూరంలో ఉందో అదే దానికి తెలుసు. 58 నుంచి 15 తీసేస్తే 43. కంపెనీ ఈ కారుకు ఇచ్చిన ఈటీ సరిగ్గా అదే. 15 మి.మీ. స్పేసర్ వేస్తే బేరింగు మీద పడే మీట ఫ్యాక్టరీలో ఎంత ఉందో అంతే. 20 వేస్తే 38, అంటే గీత 5 మి.మీ. బయటికి. స్పేసర్ లేకుండా తక్కువ ఈటీ ఉన్న చక్రం వేసినా బేరింగు పడే బాధ అదే. నింద మాత్రం ఎప్పుడూ స్పేసర్‌కే.

"20 అయితే నిండుగా ఉండేది అన్నా" అన్నాడు ఆయన. నిండుగానే ఉండేది, బంపరు అంచు దగ్గర టైరు భుజం మీద మెరుస్తున్న గీత చూపించాను. స్పీడ్ బ్రేకర్ల మీద అది రాసుకుంటూనే ఉంది. సీటులో వణుకు గోలలో ఆ చప్పుడు ఆయనకు వినబడలేదు.

10 మి.మీ. కూడా ఆలోచించాను. దానితో టైరు బయటి అంచు ఫ్యాక్టరీ స్థానంలోనే ఉంటుంది, లోపల 16 మి.మీ. ఖాళీ వస్తుంది. కానీ హబ్ ముక్కే దాదాపు సెంటీమీటరు ఉన్నప్పుడు, ఆ మందంలో ముక్కుకు చోటు ఇచ్చి మళ్లీ బయటికి సొంత కంఠం తీయడానికి లోహం మిగలదు. 5 మి.మీ. బిళ్ల అయితే ఇబ్బంది లేదు, ముక్కు దాన్ని దాటి బయటికి వచ్చి చక్రాన్ని పట్టుకుంటుంది. 15 అయితే కంఠానికి చోటు ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న మందాల దగ్గర నేను జాగ్రత్తగా ఉంటాను. 15 ఖాయం చేశాం.

ముందు చక్రాలకు ఏమీ వేయలేదు. అవి ఫ్యాక్టరీ కొలతే. అందం కోసం 5 వేద్దామన్నాడు, వద్దన్నాను. స్టీరింగ్ తిరిగే ఇరుసు గీతకూ టైరు మధ్యకూ ఉన్న దూరాన్ని ఊరికే మార్చడం నాకు ఇష్టం ఉండదు. వెనక 285/35 టైర్లు వేద్దామా అని కూడా అడిగాడు. 265/40 టైరు ఎత్తు 669 మి.మీ., 285/35 ఎత్తు 657. ముందు టైర్లు 645 దగ్గరే ఉంటాయి. ముందు వెనక చక్రాల వేగాల నిష్పత్తి దాదాపు 2 శాతం మారుతుంది, ఆ నిష్పత్తిని నమ్ముకున్న కంప్యూటర్ కారులో ఉంది. ఆ ఆలోచనా అక్కడే ఆగిపోయింది.

స్పేసర్లు ఎక్కడి నుంచి తేవాలన్నది తర్వాతి చర్చ. "బాలానగర్‌లో లేత్ మీద తీయించలేమా?" అన్నాడు. తీయించవచ్చు. నాకు తెలిసిన టర్నర్లు అక్కడ వందో వంతు మిల్లీమీటరులో పని చేస్తారు, నా షెడ్డులో జిగ్గులు, పుల్లర్లు సగం వాళ్ల చేతివే. కానీ వాళ్ల చేతికి వచ్చే అల్యూమినియం కడ్డీ ఏ మిశ్రమమో, దానికి వేడి చికిత్స జరిగిందో లేదో చెప్పే కాగితం ఉండదు. కొలత తప్పితే చూసి పట్టుకోగలను, లోహం తప్పితే పగిలాకే తెలుస్తుంది. అందుకని జర్మనీలో తయారైన జత తెప్పించాం. అక్కడ స్పేసర్ వేస్తే పరీక్షా సంస్థ తనిఖీ చేసి కారు కాగితాల్లో ఎక్కించాలి. ఆ తనిఖీకి కావలసిన ధ్రువపత్రం పెట్టెలోనే వస్తుంది. మన దగ్గర దాన్ని అడిగేవాళ్లు లేరు, అయినా ఆ కాగితం ఉన్న సరుకే నాకు కావాలి. పది బోల్టులు, అన్నీ బంతి తలవి, ఒక్కోటి కంపెనీ బోల్టు కంటే సరిగ్గా 15 మి.మీ. పొడవు. లాక్ బోల్టులు కూడా అదే పొడవులో విడిగా తెప్పించాం. చాలామంది మరిచిపోయేది దాన్నే.

మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. టైరు కొలత మార్చకపోవడం ఆ రకంగానూ మంచిదైంది. ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయమన్నాను, తెలియజేశాడు.

స్పేసర్లు వచ్చాక పని అరపూటలో అయిపోతుందనుకున్నాం. చక్రాల బోల్టు గుంటలకు ఎక్కడ ఆనుతోందో చూపే నీలం రంగు, ప్రష్యన్ బ్లూ, పూసి, కొత్త బోల్టు చేత్తో కూర్చోబెట్టి, తిప్పి తీశాను. మంచి గుంటలో నీలం రంగు వెడల్పాటి పట్టీలా చెరగాలి. కుడి చక్రంలో ఐదూ అలాగే వచ్చాయి. ఎడమ దాంట్లో మూడు బాగున్నాయి, రెండింటిలో నీలం ఒక పక్క నెలవంకలా చెరిగి మిగతా అంతా అలాగే ఉండిపోయింది. శంకువు బోల్టులు ఆ రెండు గుంటలను ఒక వైపు తినేశాయి. లేత్ మీద గుంట సరిచేయవచ్చన్నారు ఒకరిద్దరు. గుంట అడుగున లోహం ఎంత మిగులుతుందో తెలియని చోట నేను ఆ పని చేయను. ఆ చక్రం వేయనని చెప్పేశాను. స్పేసర్‌లో మిగుల్చుకున్న డబ్బు చక్రంలో పోయింది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు. జోడుగా సరిపోయే ఒంటరి చక్రం దొరకడానికి ఐదు వారాలు పట్టింది. అంతవరకు కారు పాత చక్రాల మీదే తిరిగింది.

జూన్ మధ్యలో బిగించాం. హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో తుప్పు లేకుండా తోమి, డిస్కు పట్టే స్క్రూలు ముఖం కంటే పైకి లేవకుండా చూసి, హబ్ ముక్కు మీద మాత్రం పల్చగా పేస్టు రాశాం. ఉక్కు హబ్, అల్యూమినియం స్పేసర్, మధ్యలో వాననీళ్లు చేరితే రెండూ అతుక్కుపోతాయి. ముఖాల మీద ఏమీ రాయలేదు. చక్రం తిరిగే బలం బోల్టుల కాండాల గుండా పోదు. ముఖాలు ఒకదాన్నొకటి పట్టుకున్న ఘర్షణ వల్లే పోతుంది. ఈ బోల్టుకు 130 న్యూటన్ మీటర్ల బిగింపు ఇస్తే ఒక్కోటి దాదాపు 6 టన్నుల పట్టు ఇస్తుంది. మర మీద, తలకూ ఉంగరానికీ మధ్య పేస్టు రాయాలి, ఉంగరం చక్రానికి ఆనే వైపు రాయకూడదు. ఇది పోర్షే చెప్పే పద్ధతి. వేరే కంపెనీలు చాలావరకు మర పొడిగా ఉండాలంటాయి, వాటి మీద ఈ పేస్టు ప్రయోగం చేయకండి.

తిరుగుళ్లు లెక్కపెట్టాను. పన్నెండు. చక్రాన్ని చేత్తో తిప్పి చెవి పెట్టి విన్నాను. వెనక డిస్కు మధ్యలో ఉన్న డొల్ల లోపల పార్కింగ్ బ్రేకు షూలు ఉంటాయి. బోల్టు పొడవైతే దాని కొన అక్కడ తగులుతుంది. ఏ చప్పుడూ లేదు. డయల్ గేజ్ ముల్లు 0.1 లోపే ఆడింది. టైరుకూ స్ట్రట్‌కూ మధ్య 21 మి.మీ. ఇది నిలబడి ఉన్నప్పుడు తీసిన కొలతే అయినా సరిపోతుంది. మెక్‌ఫర్సన్ అమరికలో స్ట్రట్ గొట్టం హబ్ మోసే దిమ్మెకే బిగించి ఉంటుంది, చక్రం పైకి లేస్తే గొట్టమూ దానితోనే లేస్తుంది. ఆ ఖాళీ మారదు. ఫెండర్ వైపు ఖాళీ అలా కాదు, అక్కడ బండిని నడిపి చూడాల్సిందే. పిల్లలు ఆడుకునే మైనపు మట్టిని ఫెండర్ అంచు లోపల 15 మి.మీ. మందంలో అద్ది, ఇద్దరం కూర్చుని కాలనీలో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ దాటి వచ్చాం. టైరు తగిలిన చోట మట్టి నున్నగా చెక్కుకుపోయి 6 మి.మీ. మిగిలింది. 20 మి.మీ. స్పేసర్ ఉంటే ఆ ఆరులో ఐదు కూడా పోయేవి.

ఔటర్ మీద 110. అద్దంలో లారీ నంబరు ప్లేటు చదవగలిగాం. ఆయన ముఖం వెలిగిపోయింది. 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మన్నాను, బిగింపు చూడాలని.

వచ్చాడు. కుడి వైపు ఐదు బోల్టుల దగ్గరా బిగింపు కొలిచే టార్క్ రెంచ్ 130కు టక్కుమంది, బోల్టులు కదల్లేదు. ఎడమ వైపు రెండు బోల్టులు కొద్దిగా తిరిగాకే రెంచ్ టక్కుమంది. నా చేతులు చల్లబడ్డాయి. చక్రం తీసి చూస్తే తప్పు నాదే. కొత్తగా కొన్న ఎడమ చక్రానికీ పౌడర్ కోటింగ్ చేయించి ఉంది. హబ్‌కు ఆనే ముఖం మీద కూడా ఆ పూత ఉంది. మొదటి సెట్టులో కుడి చక్రానికి ఆ పూతను నేనే రసాయనంతో తీశాను. ఐదు వారాల తర్వాత వచ్చిన దాన్ని గుంటల కోసం బ్లూ పూసి చూశాను, ముఖం చూడలేదు. నల్లటి పూత మీద నల్లటి నీడ, కళ్లు దాటిపోయింది.

ఆ పూత మందం వెంట్రుక అంత. కానీ ఈ బోల్టు 6 టన్నుల పట్టు ఇవ్వడానికి తాను సాగేది కూడా దాదాపు వెంట్రుక అంతే, 0.1 మి.మీ. చిల్లర. బోల్టు బిగువు అంటే ఆ సాగుడే. కింద పూత నలిగి 0.03 తగ్గితే పట్టులో పావు వంతుకు పైగా పోతుంది. పూతను రసాయనంతో మెత్తబరిచి ప్లాస్టిక్ గరిటెతో గీకి తీశాం, ఇసుక కాగితం పెట్టలేదు. ముఖం చదును పాడైతే మళ్లీ అదే కథ. తిరిగి బిగించి 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి చూశాను. ఏ బోల్టూ కదల్లేదు. ఆ రెండుసార్లకూ కూలి తీసుకోలేదు.

అక్టోబరులో వానలు వెనక్కు తగ్గాక మళ్లీ చక్రాలు తీయించాను. అప్పటికి 4,000 కిలోమీటర్లు తిరిగింది. స్పేసర్ రెండు చేతులతో లాగితే వచ్చేసింది, హబ్ ముక్కు చుట్టూ తెల్లటి బూడిదలాంటిది సన్నగా కనిపించింది తప్ప అతుక్కోలేదు. ముఖాల మీద రాపిడి గుర్తులు లేవు. టైరు లోపలి, బయటి భుజాల అరుగుదల సమానంగా ఉంది. తోమి, పేస్టు రాసి, మళ్లీ పెట్టేశాం.

ఇదంతా అయ్యాక నాకు మిగిలిన భయం కారు గురించి కాదు, ఆ పొడవు బోల్టుల గురించి. ఎక్కడో దారిలో పంక్చరై, ఎవరో స్పేసర్ తీసి పక్కన పెట్టి, ఆ బోల్టులతో పాత చక్రం బిగిస్తే కొనలు నేరుగా పార్కింగ్ బ్రేకు షూలలోకి దిగుతాయి. అందుకని పొడవు బోల్టుల తలలకు పసుపు రంగు వేశాను, పొట్టివాటిని మూట కట్టి ముందు డిక్కీలో పెట్టాను. పసుపువి స్పేసర్‌తోనే, తెల్లవి స్పేసర్ లేకుండానే, బిగింపు 130 అని ఒక అట్ట మీద తెలుగులో రాసి, ప్లాస్టిక్ తొడుగు వేసి డ్యాష్‌బోర్డు అరలో ఉంచాను.

డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. జడ్చర్ల దాటాక హైవే పక్కన టైర్ల దుకాణం. "సార్, ఇక్కడ డాక్టరుగారి కారు ఉంది. చక్రం వెనక ఈ రింగు అడ్డంగా ఉంది, తీసేసి బిగించమంటారా?" అన్నాడు అవతలివాడు. అరలో అట్ట ఉంటుంది, చదవండి అన్నాను. కాగితం చప్పుడు, తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం వినబడింది. "సరే సార్, రింగు మళ్లీ పెడుతున్నాను" అన్నాడు. టార్క్ రెంచ్ ఉందా అని అడిగాను. లేదన్నాడు. డాక్టరుగారికి ఫోను ఇవ్వమని, షాద్‌నగర్ దాకా 60 దాటకుండా వచ్చి అక్కడ ఆగమన్నాను. రెంచ్ తీసుకుని నేనే ఎదురు వెళ్లాను.